మేకుకు వేలాడిన బిళ్ళ

దర్జీ ఆ చొక్కా మడత విప్పబోతున్నాడు. సరిగ్గా అప్పుడే లోపలి నుంచి తలుపు మీద రెండు గుద్దులు పడ్డాయి.

దర్జీ పుస్తకంలోని వాడు. తలుపు మాత్రం నిజమైనది. అడుగు మందం, రెండు వైపులా రేకు తొడుగు, అంచుల చుట్టూ నల్ల రబ్బరు. తలుపాయన పేజీల మధ్య వేలు పెట్టి పుస్తకం మూసి, స్టూలు మీద నుంచి లేచి, రెండో చేత్తో పిడి పట్టుకుని ఒళ్ళంతా వెనక్కి వాల్చాడు. తలుపు మూలుగుతూ వచ్చింది. దాని వెంట తెల్లటి చలి నేలబారుగా పాక్కుంటూ వచ్చి ఆయన పాదాలను తాకి ఎండలో కలిసిపోయింది. భుజం మీద బంగాళాదుంపల బస్తాతో ఒక హమాలీ బయటికి వచ్చాడు. ఖాళీగా ఉన్న చేత్తో గోడ చెక్క మీది మేకుకున్న ఇత్తడి బిళ్ళ తీసి జేబులో వేసుకుని, లారీ వైపు నడిచాడు.

తలుపాయన తలుపు నెట్టి, మళ్ళీ కూర్చుని, వేలు తీసి చూశాడు. దర్జీ ఇంకా మడత విప్పబోతూనే ఉన్నాడు.

ఈ కోల్డ్ స్టోరేజీలో ఆయన చదువు ఇలాగే నడుస్తుంది. పీక నొక్కడానికి చేతులు లేస్తాయి, తలుపు మీద గుద్దులు పడతాయి. బస్తా బయటికి వచ్చేదాకా ఆ చేతులు అలా గాలిలోనే ఉండాలి. ఇంత ఓపిక ఉన్న హంతకులు ఆయన పుస్తకాల్లో తప్ప ఇంకెక్కడా ఉండరు.

భయపెట్టే కథలు తప్ప ఆయన మరేమీ చదవడు. దెయ్యం ఉంటే మంచిది, లేకపోతే కనీసం ఒక శవమైనా ఉండాలి. లైబ్రరీ ఆవిడ ఎప్పుడైనా ప్రేమకథ చేతిలో పెడితే రెండో పేజీకే కునుకు తీస్తాడు. ఇంతా చేసి రాత్రిపూట పెరట్లో గిన్నె దొర్లితే భార్యను లేపి పంపిస్తాడు. ఆ సంగతి గిడ్డంగి అంతటికీ తెలుసు, ఎందుకంటే హమాలీల మేస్త్రి ఆయన బావమరిదే. "మా బావ పుస్తకంలో పులి, పెరట్లో పిల్లి" అని కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్పేస్తాడు.

ఒకసారి ఆ మేస్త్రే అడిగాడు, ఎందుకు బావా ఈ దెయ్యాల గోల అని.

"పొద్దస్తమానం ఏమీ జరక్కుండా చూడ్డమే కదరా నా పని. ఏదో ఒకటి జరిగేది చదువుకోవద్దా?" అన్నాడు తలుపాయన.

ఆ మాట నిజమే. ఆయన పనంతా ఆ చెక్కలో ఉంది. తలుపు పక్కన, మనిషి ఎత్తున గోడకు బిగించిన పాత చెక్క అది. దానికి వరసగా మేకులు. పొద్దున రాగానే హమాలీలూ, తలుపాయనా రేకు డబ్బాలోంచి తలా ఒక బిళ్ళ తీసుకుంటారు. అన్నీ ఒకే అచ్చు, పేరూ ఉండదు, గుర్తూ ఉండదు. లోపలికి వెళ్ళేటప్పుడు బిళ్ళ మేకుకు తగిలించాలి, బయటికి రాగానే తీసుకోవాలి. మేకులన్నీ ఖాళీ అయితేనే గడియ వెయ్యాలి. తలుపుకు లోపలి పిడి ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయింది. బాగుచేయిస్తామన్న యజమాని కూడా పోయాడు, ఆయన కొడుకు ఇప్పుడు బాగుచేయిస్తామంటున్నాడు. లోపల గంట ఒకటి ఉంది గానీ కంప్రెసర్ హోరులో అది మోగినా ఒకటే, మోగకపోయినా ఒకటే.

ఇంకొక్క కట్టుబాటు ఉంది. ఒకరి బిళ్ళ మరొకరు ముట్టకూడదు. అన్నదమ్ములైనా సరే, చెయ్యి ఖాళీ లేక బతిమాలుకున్నా సరే.

బిళ్ళలు రాకముందు ఒక హమాలీ రాత్రంతా లోపల ఉండిపోయాడు. తెల్లవారి తలుపు తీస్తే తూర్పు గోడకు ఉండాల్సిన బస్తాలన్నీ పడమటి గోడకు చేరి ఉన్నాయి. ఒళ్ళు గడ్డకట్టకుండా రాత్రంతా బస్తాలు మోస్తూనే ఉన్నాడు. బతికాడు గానీ ఆ తర్వాత ఎవరి ఇంట్లోనూ తలుపు మూసి ఉన్న గదిలో కూర్చోలేదు. తలుపాయన అప్పటికి నూనూగు మీసాల హమాలీ. ఆ మనిషిని బయటికి మోసుకొచ్చిన వాళ్ళలో తనూ ఒకడు. తర్వాత చాలా ఏళ్ళకు బస్తా కింద తన నడుము పట్టేసినప్పుడు ఈ స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆనాటి నుంచి ఈనాటి వరకు తలుపు వెనక ఒక్క మనిషి మిగిలిపోలేదు. అది ఆయన జీవితంలో సాధించిన ఘనకార్యం. జరగని దాని గురించి ఎవరు మాత్రం చెప్పుకుంటారు? ఆయనా ఎవరికీ చెప్పలేదు. రోజూ గడియ వేశాక చెక్క మీది ఖాళీ మేకుల మీద ఒకసారి అరచెయ్యి రాసి ఇంటికి పోయేవాడు.

మళ్ళీ గుద్దులు. ఈసారి మేస్త్రి. నెత్తి మీద ఉన్నిటోపీ, ముక్కు చివర ఎర్రగా కమిలి ఉంది. నోట్లోంచి పొగలాంటి ఊపిరి.

"ఇంకా అయిపోలేదా నీ చొక్కా కథ?"

"నువ్వు అవనిస్తేగా!"

"ఇంతకీ ఏమవుతుంది బావా?"

"దర్జీ గుమ్మంలో రోజూ ఒకే చొక్కా ఉంటుంది. కాస్త బిగించమని గుండుసూదులు గుచ్చి ఉంటాయి. పెట్టినవాడు కనపడడు. బిగించి గుమ్మంలో పెడితే మర్నాటికి మళ్ళీ సూదులు. రోజురోజుకీ చిన్నదైపోతోంది."

"వేసుకునేవాడు ఏమైపోతున్నట్టు?"

"అదే కదరా భయం!"

మేస్త్రి మోకాలు రుద్దుకుంటూ నవ్వాడు. "సరే, నువ్వు వాడి సంగతి చూడు, నేను బస్తాల సంగతి చూస్తాను. ఆఖరి వరస తీసేసరికి సాయంత్రమవుతుంది. తలుపు దగ్గర నువ్వున్నావు, నాకు వెనక్కి తిరిగి చూసే పనే లేదు" అంటూ మేకు మీది తన బిళ్ళ తీసుకోకుండానే మళ్ళీ లోపలికి పోయాడు. ఆ మాట ఎన్నోసార్లు అన్నదే. విన్నప్పుడల్లా తలుపాయన వీపు కొంచెం నిటారుగా అవుతుంది.

భోజనాల వేళకు కాస్త ముందు ఆయన కథ ముగించాడు. ఆఖరి రోజు దర్జీ తలుపు తీస్తే గుమ్మంలో చొక్కా లేదు, ఒక్క గుండీ ఉంది. ఆయనకు మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అబ్బ, కథంటే ఇదీ అనుకున్నాడు. పుస్తకంలో అదే చివరి కథ. చెవి మీద దోపుకున్న పెన్సిల్ తీసి, నాలికతో ముల్లు తడిచేసి, చివరి పేజీ అడుగుకు వంగాడు.

ఆ లైబ్రరీలో చదివేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. చదివిన పుస్తకమే మళ్ళీ తెచ్చుకోకుండా, చివరి పేజీలో ఎవరి గుర్తు వాళ్ళు చిన్నగా పెట్టుకుంటారు. ఒకరిది చుక్క, ఒకరిది పువ్వు, ఒక రిటైరైన పంతులుగారిది సున్నా. పుస్తకాలు పాడుచేయకూడదని గోడ మీద రాసిపెట్టిన లైబ్రరీ ఆవిడే పట్టించుకోదు, ఆవిడ గుర్తు కూడా అక్కడే ఎక్కడో ఉంటుంది. తలుపాయన గుర్తు తలుపు. బియ్యపు గింజంత నిలువు పెట్టె, దానికి అడ్డంగా గడియ.

పెన్సిల్ గాలిలో ఆగిపోయింది.

పేజీ అడుగున తలుపు బొమ్మ ఉంది. అడ్డంగా గడియ ఉంది. దాని పక్కనే మరో తలుపు, దానికీ గడియ. మొదటిది పెన్సిల్‌తో గీసింది. రెండోది నీలం సిరాతో గీసింది, గీత కొంచెం వణికింది.

కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ చూశాడు. తుడిచినంత మాత్రాన పోయేవి కావవి. పుస్తకం మొదటికి తిప్పి ఒక్కొక్క కథ పేరూ చదివాడు. మెట్లు లేని మేడ మీద ఎవరో ఊడుస్తున్న చప్పుడు, గోడకు అవతలి నుంచి తలుపు తట్టే అద్దెగది, చూసినవాళ్ళ వెనక నిలబడే అద్దం. అన్నీ ఈ వారంలోనే చదివాడు, అన్నిటికీ ఒళ్ళు జలదరించింది. ఏ ఒక్కటీ ఎక్కడో చదివినట్టుందే అని కూడా అనిపించలేదు. పడ్డ భయమంతా కొత్తదే అనుకున్నాడు. పాత భయమేనా అది, మూడోసారి పడ్డ భయమా?

పుస్తకం ఇచ్చేటప్పుడు లైబ్రరీ ఆవిడ అన్న మాట గుర్తుకొచ్చింది. "మళ్ళీ ఇదేనా?" అని నవ్వింది. మళ్ళీ దెయ్యాలేనా అంటోంది కాబోలనుకుని తనూ నవ్వాడు.

ఆ తర్వాత ఇక ఆయన స్టూలు మీద కుదురుగా కూర్చోలేకపోయాడు. కాలు కాలిన పిల్లిలా తలుపుకూ చెక్కకూ మధ్య తిరిగాడు. వయసు మీదపడితే పుస్తకాలు మరిచిపోవడం పెద్ద విచిత్రమా? పేర్లు మరిచిపోయేవాళ్ళున్నారు, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని వెతికేవాళ్ళున్నారు. ఇదీ అంతే. అంతే అనుకుంటే మనసు ఊరుకోవాలి కదా, ఊరుకోలేదు. పొద్దున గుమ్మం దాటుతుంటే భార్య ఎదురుగా వచ్చి ఆయన జేబు తడిమింది. "తాళంచెవి ఉందా, కళ్ళజోడు ఉందా, చెప్పులు మీవేనా?" అంది. చెప్పులు మీవేనా అన్నది హాస్యమనుకున్నాడు. ఆవిడ రోజూ ఇలా జేబు తడమడం ఎప్పటి నుంచి? పెళ్ళయినప్పటి నుంచా, మొన్న మొన్నటి నుంచా? ఎంత ఆలోచించినా దానికి మొదలు దొరకలేదు. ఆ మొదలు దొరకకపోవడమే ఆయన్ని మరీ భయపెట్టింది.

భోజనాలకు అందరూ బయటికి వచ్చారు. ఆయన చెక్క చూసి, మేకులన్నీ ఖాళీ అయ్యాయో లేదో తడిమి చూసి, మళ్ళీ చూసి, గడియ వేశాడు. అన్నం డబ్బా విప్పాడు. మేస్త్రి పక్కన చతికిలబడ్డాడు.

"ఈ బొమ్మలు నువ్వు గీశావా?" పుస్తకం చూపించి అడిగాడు తలుపాయన.

"నేనా? నాకు సంతకమే సరిగ్గా రాదు, బొమ్మలా?" మేస్త్రి పేజీ చూశాడు. చూసి, బావ మొహం చూడకుండా మళ్ళీ డబ్బాలోకి తల వంచాడు. "తిను బావా. అక్క ఇవాళ కూర బాగా చేసింది."

నవ్వాల్సినవాడు నవ్వలేదు. మామూలుగా అయితే ఈ పాటికి గిడ్డంగి అంతా వినేలా ఎగతాళి చేసి ఉండేవాడు. తలుపాయన తినకుండానే డబ్బా మూత పెట్టేశాడు.

మధ్యాహ్నం ఎండ లారీ టాపు మీది నుంచి జారి గోడ మీదికి వచ్చింది. గుద్దులు పడుతున్నాయి, తలుపు తీస్తున్నాడు, మూస్తున్నాడు. ఎప్పుడో మళ్ళీ ఆ రెండు తలుపులూ చూడాలనిపించి చెయ్యి చాస్తే స్టూలు పక్కన పుస్తకం లేదు.

స్టూలు కింద లేదు. డబ్బా సంచిలో లేదు. బిళ్ళల రేకుడబ్బా కూడా తీసి చూశాడు, పుస్తకం అందులో పట్టదని తెలిసి కూడా.

"ఎవర్రా నా పుస్తకం తీసింది?"

బస్తా దించి వస్తున్న హమాలీ ఉలిక్కిపడ్డాడు. ఈ మనిషి గొంతు పెంచడం ఎవరూ విననిది. "మాకెందుకు పెద్దాయనా నీ దెయ్యాలు, ఇంట్లో ఉన్నవి చాలు" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. తలుపాయన నవ్వలేదు. వాళ్ళ ఉన్నికోట్లను ఒక్కొక్కదాన్నే అనుమానంగా చూశాడు. తర్వాత సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా తలుపు తీశాడు, మూశాడు. ఆ పూటంతా మనసు మనసులో లేదు. పుస్తకం పోతే పోనీ, ఆ పేజీ ఒకటి ఎవరైనా చింపి పారేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

లారీ నిండింది. తాళ్ళు బిగించారు. హమాలీలు కుళాయి దగ్గరికి పోయి మొహాలు కడుక్కుంటున్నారు. తలుపాయన లోపలి దీపాల స్విచ్చి ఆపి, తలుపు బలంగా నెట్టి, గడియ పైకెత్తాడు. ఇనుము కొక్కెంలో పడబోయేముందు ఎందుకో పక్కకు చూశాడు.

చెక్కకు చివరి మేకు. దానికి బిళ్ళ.

ఎన్నేళ్ళుగానో చేస్తున్న పని, చూడ్డం ముందు, గడియ తర్వాత. ఈరోజు చెయ్యి ముందుకు పోయింది, కన్ను వెనకబడింది. గడియ వదిలేసి కుళాయి వైపు చూశాడు. అందరూ ఉన్నారు. ఒకడు తల రుద్దుకుంటున్నాడు, ఇద్దరు ఒకే తువ్వాలు కోసం తగువు పడుతున్నారు. మేస్త్రి లేడు.

ఆఖరి వరస తీసేది ఎప్పుడూ మేస్త్రే. నాకు వెనక్కి తిరిగి చూసే పనే లేదు అన్నవాడు.

తలుపు ఎలా లాగాడో తెలియదు. పాతికేళ్ళుగా బస్తా ఎత్తని నడుము కలుక్కుమంది. దీపాలు వెయ్యడం కూడా మరిచిపోయి చీకట్లోకి దూసుకుపోయాడు. తలుపు సందులోంచి పడుతున్న బారెడు వెలుగు తప్ప అంతా నలుపు. తడి గోనె వాసన, మట్టి వాసన, పైన గొట్టాల మీద మంచు. స్వెట్టర్ మోచేతి చిరుగులోంచి చలి సూదిలా దిగింది.

"ఒరేయ్ మేస్త్రీ! ఎక్కడరా?"

కంప్రెసర్ హోరు ఆ కేకను మింగేసింది. రెండు చేతులూ చాచి బస్తాలు తడుముకుంటూ వరసల మధ్య నడిచాడు. ఈ వరస, ఆ వరస. కాలికి ఏదో తగిలితే వంగి తడిమాడు, ఖాళీ గోనె. ఎన్ని కథలు చదివాడు ఇలాంటి చీకటి గురించి! వాటిల్లో భయం ఎప్పుడూ బయటి నుంచి వస్తుంది, మేడ మీది నుంచో, గోడ అవతలి నుంచో. తన చేత్తో తనే తన వాణ్ణి చంపుకోబోయిన కథ ఎవరూ రాయలేదు. భార్యకు ఏం చెప్పాలి? నీ తమ్ముణ్ణి లోపల పెట్టి గడియ వెయ్యబోయానని ఏ నోటితో చెప్పాలి? చెంపల మీద కారిన నీళ్ళు అక్కడే చల్లబడ్డాయి.

చివరి గోడ దగ్గర, థర్మామీటరు కింద, ఒక బస్తా మీద చేతికి మెత్తగా అట్ట తగిలింది.

పుస్తకం. మధ్యలో పెన్సిల్ పెట్టి ఉంది.

దాన్ని పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడు దీపాలు వెలిగాయి.

"లోపలెవరు?" గుమ్మంలోంచి కేక.

"నేనేరా" అన్నాడు తలుపాయన. తన గొంతు తనకే ఎక్కడినుంచో వచ్చినట్టుంది.

మేస్త్రి వరసల మధ్య నుంచి గబగబా వచ్చాడు. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. "లారీ సంగతి చెప్పి రమ్మంటే ఆఫీసు గదికి వెళ్ళాను బావా. వచ్చి చూస్తే తలుపు తెరిచి ఉంది, మేకుకు బిళ్ళ ఉంది. ఎవరో లోపల ఉన్నారనుకుని దీపాలు వేశా. చీకట్లో ఏం చేస్తున్నావు?"

"నీకోసం వెతుకుతున్నాను. ఆ బిళ్ళ నీదనుకున్నాను."

"నాది జేబులో ఉంది."

తలుపాయన తన జేబులో చెయ్యి పెట్టాడు. రెండో జేబు చూశాడు. స్వెట్టర్ కింద చొక్కా జేబు కూడా చూశాడు. బిళ్ళ లేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంతసేపూ ఈ చీకట్లో ఆయన వెతికింది తన్ను తనే.

"నేనెప్పుడొచ్చానురా లోపలికి?"

మేస్త్రి బావ భుజం పట్టుకుని బయటికి నడిపించుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టి, టీ గ్లాసు చేతిలో పెట్టాడు.

"చెప్పరా."

"భోజనాలయ్యాక వెళ్ళావు. చలి ఎంతుందో చూసొస్తానన్నావు. పుస్తకం పట్టుకునే వెళ్ళావు. వచ్చేటప్పుడు బిళ్ళ తియ్యలేదు."

"నువ్వు చూశావా?"

"చూశాను. నీ మనసు బాగాలేదని ఊరుకున్నా. సాయంత్రం నేనే తీసి డబ్బాలో వేద్దామనుకున్నా. ఈలోపు ఆఫీసు నుంచి పిలిచారు." మేస్త్రి నేల చూపులు చూస్తూ, "రోజూ అలాగే చేస్తున్నాను" అన్నాడు.

"రోజూనా?"

"రోజూ కాదులే. ఈ నెలలో మూడు నాలుగుసార్లు. నువ్వు మరిచిపోతావు, నేను తీసేస్తాను. యజమాని కంట పడితే నిన్ను పంపించేస్తారని అక్క భయం. మీ బావను కనిపెట్టుకుని ఉండమని నా చేతులు పట్టుకుంది బావా. ఏం చెయ్యమంటావు?"

తలుపాయనకు కోపం రాలేదు. ఆ అక్కాతమ్ముళ్ళిద్దరూ తనకు తెలియకుండా తన చుట్టూ పరుపులు పరిచి పెట్టారు, పడ్డా దెబ్బ తగలకుండా. కానీ కళ్ళు మాత్రం ఆ చివరి మేకు మీదే ఉన్నాయి.

"ఒరేయ్, ఇలా చూడు. అన్నీ ఒకే రకం బిళ్ళలు. నువ్వు నాదనుకుని ఒకటి తీసేస్తావు. అది నాది కాకపోతే?"

"అది నీదే అని తెలుసుగా..."

"ఎలా తెలుసు? నేను మరిచిపోవడం ఒక తప్పు. దానికి మందేసినట్టు నువ్వు ఇంకొకడి బిళ్ళ ముట్టుకోవడం రెండో తప్పు. ఈ రెండూ ఒక్కరోజు కలిశాయనుకో, లోపల ఒక మనిషి. బయట మేకులన్నీ ఖాళీ. నేను హాయిగా గడియ వేసుకుని ఇంటికి పోయి దెయ్యాల కథ చదువుకుంటాను."

మేస్త్రి మొహం పాలిపోయింది. ఆ లెక్క అతనికి ఇప్పటిదాకా తట్టనే లేదు. అక్క మాట నిలబెడుతున్నాననుకున్నాడు.

"ఇంకెప్పుడూ ముట్టుకోను బావా. ఒట్టు."

"ముట్టుకుంటావు. నేనిక్కడ ఉన్నంతకాలం ముట్టుకుంటావు. నేనైనా అంతే కదా, నువ్వు నా చోట ఉంటే." తలుపాయన టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. పొద్దున్నుంచీ ఒంట్లో తిరుగుతున్న తేలు ఎక్కడో ఒకచోట ఆగినట్టుంది. కుట్టింది, కానీ ఆగింది. "నీ మోకాలు కూడా పోయింది కదా. రేపటినుంచి ఈ స్టూలు నీది. యజమానికి నేనే చెప్పి పోతాను."

"ఏమని చెప్తావు?"

"ఉన్నదే చెప్తాను. మరిచిపోతున్నానని చెప్పడానికి ఇంకా గుర్తుంది. అదీ మరిచిపోయేలోపే చెప్పాలి."

మేస్త్రి ఏడవడం ఆయన మొదటిసారి చూశాడు. లేక ఇదివరకే చూసి మరిచిపోయాడా? ఆ అనుమానం ఇకనుంచి అన్నిటికీ ఉంటుంది కాబోలు. బావమరిది నెత్తి మీది ఉన్నిటోపీ కిందికి లాగి కళ్ళ మీదికి దించాడు, చిన్నప్పుడు వాడు తమ పెళ్ళిలో అలక పూనితే చేసినట్టే. అది మాత్రం చక్కగా గుర్తుంది.

యజమాని గదిలో ఎక్కువసేపు పట్టలేదు. కుర్ర యజమాని లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. తలుపు లోపలి పిడి సంగతి కూడా చెప్పి వచ్చాడు తలుపాయన. ఈసారి గట్టిగా చెప్పాడు.

తిరిగి వచ్చేసరికి హమాలీలు వెళ్ళిపోయారు. మేస్త్రి గడియ పక్కన నిలబడి ఉన్నాడు. తలుపాయన డబ్బా సంచీలో సర్దుకుని, పుస్తకం తెరిచి, చెవి మీదికి చెయ్యి పోనిచ్చాడు. పెన్సిల్ పుస్తకంలోనే ఉంది. ఆ రెండు తలుపుల పక్కన మూడోది గీశాడు. గడియ గీయబోయి ఆగి, దీన్ని తెరిచే ఉంచాడు.

"ఎంత అదృష్టం చూడరా. ఒకే పుస్తకాన్ని మూడుసార్లు మొదటిసారి చదివాను. ఎవరికుంటుంది ఇంత యోగం?"

మేస్త్రి నవ్వాడు, ముక్కు ఎగబీల్చుకుంటూ. "మళ్ళీ తెచ్చుకో. మా అక్కను మళ్ళీ పెరట్లోకి పంపించు."

"పంపిస్తాను. సరే, గడియ వెయ్యి. ఎలా వేస్తావో చూడనీ."

మేస్త్రి చెక్క వైపు చూశాడు. చివరి మేకుకు ఆ బిళ్ళ అలాగే ఉంది. తియ్యడానికి చెయ్యి చాచి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "నీ బిళ్ళ బావా. తీసుకో."

"ఉండనీ."

"మేకు ఖాళీ కాకుండా గడియ ఎలా వేస్తాను?"

"అందుకే ఉండనీ. రోజూ సాయంత్రం గడియ వేసేముందు అది కనపడాలి. కనపడగానే తలుపు తీసి లోపలికి ఒక కేక వెయ్యి. అది నాదని నీకు తెలిసినా సరే, తెలియనట్టే కేక వెయ్యి."

"లోపల ఎవరూ లేరని తెలిసి కూడానా?"

"తెలుసనుకునే కదరా ఇంతదాకా వచ్చింది."

మేస్త్రి తలుపు లాగాడు. చలి వాళ్ళిద్దరి పాదాల మీదుగా పాక్కుంటూ పోయింది. చీకట్లోకి తల పెట్టి, "ఎవరన్నా ఉన్నారా లోపల?" అని గట్టిగా అరిచాడు. కాసేపు ఆగాడు. కంప్రెసర్ హోరు తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ అరిచాడు. తర్వాత తలుపు నెట్టి గడియ దించాడు. ఇనుము కొక్కెంలో పడింది.

తలుపాయన ఎప్పటిలాగే ఖాళీ మేకుల మీద అరచెయ్యి రాశాడు. చివరి మేకు దగ్గర చెయ్యి ఆపాడు. సంచీ భుజాన వేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, తనవో కావో అని ఒకసారి చెప్పుల వంక చూసుకుని, గేటు వైపు నడిచాడు. వీధి మలుపు దాకా మేస్త్రి కూడా వచ్చాడు.

వెనక తలుపు పక్కన చెక్క మీద మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి. చివరిదానికి మాత్రం ఒక ఇత్తడి బిళ్ళ, చలి ఇంకా వదలని ఒళ్ళుతో, కొద్దికొద్దిగా ఊగుతోంది.